గుమ్మం బయటి బూట్లు

అంటారియో అంటే టొరంటో అనుకుని విమానం ఎక్కినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. హైదరాబాదులో మా కన్సల్టెన్సీ అతను మ్యాపు చూపించలేదు, నేనూ అడగలేదు. "ఒకటే ప్రావిన్స్ మేడం, టొరంటో నుంచి డైరెక్ట్ బస్సుంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. డైరెక్ట్ బస్సే. పొద్దున్నే ఎక్కితే చీకటి పడ్డాక దింపింది. దారి పొడుగునా చెట్లు, బండలు, చెరువులు, మళ్ళీ చెట్లు. మధ్యలో రెండు గంటలు నిద్రపోయి లేచి చూస్తే కిటికీలో అవే చెట్లు. దిగాక డ్రైవరును అడిగాను, దీనికి పైన ఇంకా ఊళ్ళున్నాయా అని. ప్రావిన్స్‌లో సగం ఇంకా పైనే ఉంది అన్నాడాయన. అది సెప్టెంబరు. నా ఒంటి మీద పల్చటి కాటన్ కుర్తా ఉంది.

మా వాళ్ళు చదువులకని కెనడాకు ఎగబడి వచ్చిన ఏళ్ళవి. టొరంటో చుట్టుపక్కల కాలేజీలు నిండిపోతే మిగిలినవాళ్ళం ఇలా పైపైకి సర్దుకున్నాం. ఉత్తరం వైపు ఊళ్ళలో చదివితే పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు, తొందరగా వస్తుందని ఒక మాట కూడా నడిచేది. ఆ చిన్న ఊళ్ళో కాలేజీ క్యాంటీన్‌కు వెళ్తే ఒక బల్ల దగ్గర గుంటూరు, ఇంకో బల్ల దగ్గర వరంగల్ వినపడేవి. వీసాలు, అసైన్‌మెంట్లు, పార్ట్‌టైమ్ జాబులు, ఎవరికి ఎక్కడ రూము దొరికిందో, అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. చలి గురించి మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు. మంచి జాకెట్ కొనుక్కుంటే తీరిపోతుంది అనుకున్నాం.

నేను రామగుండం దాన్ని. బొగ్గు గనులు, కరెంటు ప్లాంటు, వాటికి తోడు ఎండ. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా ఎక్కి వడియాలు తిరగేసి వచ్చేదాన్ని. అందుకని వాతావరణం నన్నేమీ చేయలేదని ఒక పొగరు ఉండేది. దానికి తోడు శుభ్రం పిచ్చి. కడిగిన గిన్నెను ఇంకోసారి కడగందే నాకు మనసొప్పదు. కోపం కూడా ఎక్కువే. ఇంట్లో అందరూ నన్ను చూసి సర్దుకుపోయేవాళ్ళు, లోకమంతా అలాగే సర్దుకుపోతుందని నేను అనుకునేదాన్ని.

నాతో ఇల్లు పంచుకున్న అమ్మాయి కోనసీమ నుంచి వచ్చింది. నాకంటే ఐదేళ్ళు చిన్నది. వాళ్ళ నాన్నగారు ఊళ్ళో పాస్టరు. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను మొదట్లో. మొదటి రోజే నన్ను "అక్కా" అంది. వచ్చిన నెలలోపే ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పని వెతుక్కుంది. వారం మధ్యలో సాయంత్రాలు, శనివారం పొద్దున్నే షిఫ్టు. నేను సూపర్‌మార్కెట్‌లో చేరాను.

ఇంట్లో పై భాగం ఇంటావిడది, కింది భాగం మాది. భర్త పోయిన పెద్దావిడ, పుట్టింది పెరిగింది ఆ ఊళ్ళోనే. మా వాకిలి ఇంటి పక్కవైపు ఉండేది. లోపలికి రావాలంటే ముందు ఒక అద్దాల వరండా దాటాలి. దానికి తలుపుంది, కప్పుంది, హీటర్ మాత్రం లేదు. వరండా దాటి లోపలి తలుపు తీస్తే నేరుగా వంటగదిలోకే. తలుపు పక్కన గోడకు నేను దేవుడి అర పెట్టుకున్నాను. దాని కింద నేలలో వేడిగాలి వచ్చే జాలీ. జాలీ పక్కన బూట్లు విప్పి పెట్టుకోవడానికని ఇంటావిడ ఒక నల్లటి రబ్బరు ట్రే ఉంచింది.

ఆ ట్రేను చూసి నాకు ఒళ్ళు మండింది. ఊరంతా తిరిగిన బూట్లు వంటింట్లోనా, అదీ దేవుడి కిందనా? చేరిన రోజే తీసుకెళ్ళి వరండాలో పడేశాను.

"ఇగో, చెప్పులైనా బూట్లైనా గుమ్మం బయటనే. లోపటికి తెస్తే నేను ఊకోను, ముందే చెప్తున్న" అన్నాను ఆ అమ్మాయితో.

ఆమె నవ్వింది. "మా ఇంట్లోనూ అంతేనక్కా. మేం చర్చిలోకి కూడా చెప్పులిప్పేసే వెళ్తాం."

ఆ అరలోని దేవుళ్ళు ఆమె దేవుళ్ళు కారు. అయినా ఈ విషయంలో మా ఇద్దరికీ పేచీ రాలేదు. ఒకరోజు ఇంటావిడ వచ్చి, వరండాలో వరసగా ఉన్న మా బూట్లు చూసి, ఇవి లోపల కదా ఉండాల్సింది అంది. మా దగ్గర పద్ధతి ఇదేనని చెప్పాను, కాస్త గర్వంగానే. ఆవిడ ఏదో చెప్పబోయి ఊరుకుంది. ఆవిడ ఆ రోజు చెప్పి ఉంటే నేను వినేదాన్నా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వినేదాన్ని కాదు.

అక్టోబరు చివర్లో మొదటి మంచు పడింది. ఇద్దరం రోడ్డు మీదికి పరిగెత్తి ఫోటోలు దిగాం, ఇంటికి పంపాం. నవంబరులో, ఓహో, చలంటే ఇదన్నమాట అనుకున్నాం. డిసెంబరులో, అది కాదు, ఇదీ అనుకున్నాం. జనవరిలో నోరు మూతపడింది.

జనవరి చలిని ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. తలుపు తీసి గాలి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకునేవి. కళ్ళలో నీళ్ళొస్తే రెప్పలు అతుక్కునేవి. ఒకరోజు తలస్నానం చేసి, జడ ఇంకా తడిగా ఉండగానే కాలేజీకి బయలుదేరాను. బస్సు ఎక్కేసరికి జడ కర్రలా తయారైంది. ఊళ్ళో కార్లన్నిటికీ ముందువైపు కరెంటు తీగలు వేలాడేవి. ఎలక్ట్రిక్ కార్లేమో, ఎంత అడ్వాన్స్‌డ్ ఊరో అనుకున్నాను. కాదట. ఇంజిన్ గడ్డకట్టకుండా పొద్దుపోయాక ప్లగ్గులో పెట్టాలట. మనుషులు దుప్పటి కప్పుకున్నట్టు ఇక్కడ కార్లకు కూడా వేడి కావాలని తెలిసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మైనస్ నలభై అని ఫోన్‌లో చూసి పైకి పరిగెత్తుకెళ్ళాను, ఇది సెల్సియసా, ఫారెన్‌హీటా అని అడగడానికి. ఇంటావిడ టీ కలుపుకుంటూ, ఆ అంకె దగ్గర రెండూ ఒకటేనమ్మా, ఏదైనా అనుకో అంది. ఎగతాళి చేస్తోందనుకుని కిందికొచ్చి లెక్క వేసుకున్నాను. నిజంగానే ఒకటే.

అన్నిటికంటే నన్ను దిమ్మెరపోయేలా చేసింది ఫోన్‌లోని వాతావరణం మ్యాపు. మా ఊరు ఊదారంగులో, అన్నిటికంటే ఎక్కువ చలిని చూపించే రంగులో ఉంది. సరే, పక్క ఊరెలా ఉందో అని వేలితో జరిపాను. అదీ ఊదాయే. పడమటికి జరుపుతూ పోయాను, ఉత్తరానికి జరుపుతూ పోయాను. మన రెండు రాష్ట్రాలూ పరిచినా ఇంకా చోటు మిగిలే నేల అది, అంతా ఒకటే రంగు. మా దగ్గర ఎండలు ముదిరితే నీడ పట్టునైనా పోతాం, డబ్బున్నవాళ్ళు ఊటీ పోతారు. ఇక్కడ ఎంత దూరం నడిచినా ఆ చలిలోనే ఉంటాం. ఇంత నేల మీద ఇలాంటి చలిలో జనం పొద్దున్నే లేచి బ్రష్ చేసుకుని పిల్లల్ని బడికి పంపిస్తున్నారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. బడికి సెలవు కూడా ఇవ్వలేదు.

ఆ జనవరిలోనే ఒక వారం చలి ఉన్నట్టుండి తగ్గింది. రెండు రోజులు మంచు కరిగి రోడ్లన్నీ నల్లటి బురదయ్యాయి. శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి పని నుంచి వస్తూ రోడ్డు పక్కన బురదగుంటలో కాలేసింది. రెండు బూట్లలోకీ నీళ్ళు పోయాయి. నేను అప్పుడు స్నానం చేస్తున్నాను. మర్నాడు పొద్దున షిఫ్టు ఉంది, బూట్లు ఆరాలి, ఇంకో జత లేదు. అందుకని వాటిని లోపలికి తెచ్చి జాలీ దగ్గర, గోడవైపు తిప్పి పెట్టి, నేరుగా గదిలోకి వెళ్ళి పడుకుంది.

నేను స్నానం చేసి వచ్చి దీపం వెలిగించాను. శుక్రవారం కదా, అగరొత్తులు కూడా వెలిగించి దండం పెట్టుకుని కళ్ళు తెరిస్తే, పాదాల దగ్గర నల్లటి నీళ్ళు. బూట్లలోంచి కారి, అర కింద మడుగు కట్టి, వంటగట్టు వైపు పారుతున్నాయి. అంతకు ముందు రోజే ఆ నేలను వేణ్ణీళ్ళతో తుడిచి ఉన్నాను.

నాకు చిర్రెత్తుకొచ్చింది. లేపి నాలుగు తిట్లు తిడదామనుకున్నాను. పడుకుంది కదా అని నా దయాగుణాన్ని నేనే మెచ్చుకుని, ఆ బూట్లను రెండు వేళ్ళతో ఎత్తి, తలుపు తీసి వరండాలో పెట్టాను. తలుపు తీసినప్పుడు గాలి మొహానికి కొట్టింది. చలి మళ్ళీ దిగుతోందని ఆ క్షణంలో నాకు తెలుసు. తలుపు వేసి నేల తుడుచుకున్నాను.

శనివారం ఆరు కాకముందే ఆమె వెళ్ళిన చప్పుడు నిద్రలో వినపడింది. వరండాలో కొద్దిసేపు ఆగినట్టుంది, తర్వాత బయటి తలుపు పడింది. నేను అటు తిరిగి పడుకున్నాను.

ఎనిమిది దాటాక తిరిగొచ్చింది. నేను ఉప్మాకు ఉల్లిపాయ తరుగుతున్నాను. చిత్రంగా నడుస్తోంది, కొత్తగా హైహీల్స్ వేసుకున్న మనిషిలాగా.

"బస్సు రాలేదక్కా. శనివారం గంటకొకటే కదా. ఒకటి పోతే ఇంకోటి వస్తుందని చూశాను. అదీ రాలేదు. ఫోన్ చలికి ఆగిపోయింది" అంది.

"రెండు గంటలు నిలబడ్డవా? కాళ్ళు ఎట్లున్నయే?"

"బానే ఉన్నాయి. ముందు తెగ మంట పెట్టాయి. తర్వాత ఏం తెలీలేదు. అలవాటైపోయినట్టుందక్కా."

అలవాటైపోయినట్టుంది అన్నప్పుడు ఆమె మొహంలో నిజంగా సంతోషం ఉంది. ఆ చలిని గెలిచాననుకుంది. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది.

గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు విప్పబోతే రాలేదు. నేను పట్టి లాగాల్సి వచ్చింది. లోపలి మెత్తటి పొర తడిసి, గడ్డకట్టి, రేకులా ఉంది. కుడి కాలు మేజోడు వచ్చింది. ఎడమది వేళ్ళ దగ్గర అతుక్కుపోయింది. మెల్లగా ఒలిచాను. వేళ్ళు తెల్లగా ఉన్నాయి. పాలిపోవడం కాదు, కొవ్వొత్తి తెలుపు. ఆమె లేవబోయి ఎడమ కాలు నేల మీద ఆనిస్తే, చెక్క మీద చెక్క తగిలినట్టు టక్కుమంది.

మనిషి ఒంటిలోంచి అలాంటి చప్పుడు వస్తుందని నాకు తెలియదు. ఆమె కూడా విన్నది.

మా ఇంట్లో దేనికైనా మందు ఒకటే. దెబ్బ తగిలినా, కాళ్ళు లాగినా, జలుబు చేసినా కొబ్బరినూనె వేడి చేసి రుద్దడం. సీసాలో నూనె రాయిలా గడ్డకట్టి ఉంటే చెంచాతో గీరి, స్టవ్ మీద కరిగించి, కింద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను. రక్తం కదలాలని గట్టిగా రుద్దాను. ఆమె తన కాలు కానట్టు చూస్తోంది. ఏమీ తెలియడం లేదంటే ఇంకా గట్టిగా రుద్దాను.

అప్పుడే ఇంటావిడ కిందికి వచ్చింది. చలి ఎక్కువైంది, పైపులు పగలకుండా కుళాయి సన్నగా వదిలి ఉంచండని చెప్పడానికి. నా చేతుల్లో కాలు చూసింది. పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆపు. రుద్దకు. లోపల మంచు ముక్కలుంటాయి, నువ్వు రుద్దితే అవి కండను కోస్తాయి" అంది, గొంతు పెంచకుండా.

నా చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి, నూనె కారుతూ. బాగు చేస్తున్నాననుకుని ఇంతసేపూ కోస్తున్నానన్నమాట. ఆవిడ టబ్బులో నీళ్ళు పట్టి, మా అమ్మమ్మ పసిపిల్లలకు నీళ్ళు పోసేటప్పుడు చూసుకున్నట్టే మోచేతితో వేడి చూసి, గోరువెచ్చగా ఉండగా పాదాలు రెండూ అందులో పెట్టించింది.

నొప్పి అప్పుడు మొదలైంది. కొంచెం చల్లారిన టీ తాగమన్నా నోరు కాలిందక్కా అని గోల చేసే పిల్ల, తువ్వాలు నోట్లో కుక్కుకుని ప్రార్థన చేసుకుంది. మాటలు వినపడలేదు, పెదాలు కదిలాయి. నేను ఆమె భుజాలు పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇంటావిడ కారు ప్లగ్గులో ఉండబట్టి వెంటనే స్టార్ట్ అయింది. ఆసుపత్రికి వెళ్ళాం. నర్సు వివరాలు రాసుకుంటూ ఒక్కొక్కటే అడిగింది. ఎంతసేపు బయట ఉన్నావు, ఎన్ని మేజోళ్ళు, బూట్లు పొడిగా ఉన్నాయా. తడిగా ఉన్నాయంది ఆమె. తెల్లారేదాకా ఎక్కడ పెట్టావు అని అడిగింది నర్సు.

"వరండాలో."

"తడి బూట్లు వరండాలోనా? ఎవరు పెట్టారు?"

ఆమె నా వైపు చూడలేదు. తన పాదాల వైపే చూస్తూ, "నేనే పెట్టాను" అంది.

నాకు ఊపిరి వచ్చింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, మొదట వచ్చింది ఊపిరే. లోపలికి తెచ్చిన సంగతి మరిచిపోయింది, నిద్రమత్తులో తనే బయట పెట్టాననుకుంటోంది అని నాకు నేను చెప్పుకున్నాను. నోరు తెరిచి, కాదు, నేను పెట్టాను అనడానికి ఎంతసేపు పట్టేది? నర్సు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది, నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను.

డాక్టరు వచ్చి చూసి, ఎన్ని వేళ్ళు ఉంటాయో ఇప్పుడే చెప్పలేం అంది. ఏ కండ బతికింది, ఏది చచ్చిపోయింది అన్నది తేలడానికి నెలలు పడుతుంది, వసంతం దాకా చూద్దాం అంది. మనిషి బతికుండగా వేళ్ళు చచ్చిపోవడం ఏమిటో నా బుర్రకు ఎక్కలేదు. నాలుగు నెలలు ఆగితే తప్ప తేలని జబ్బుంటుందని నేనెప్పుడూ వినలేదు.

ఆ నాలుగు నెలలూ నేనే అన్నీ చేశాను. వంట, బట్టలు, కట్లు మార్పించడానికి తీసుకెళ్ళడం, క్లాసు నోట్సు రాసి పెట్టడం. పొక్కులు లేచాయి, పగిలాయి. కుడి కాలు మెల్లగా రంగు తేరుకుంది. ఎడమ కాలి చివరి రెండు వేళ్ళు మాత్రం ముడుచుకుపోతూ, ఎండిన ఖర్జూరాల్లా నల్లబడ్డాయి. కట్టు విప్పిన ప్రతిసారీ ఆమె నా మొహం చూసేది, కాలు ఎలా ఉందో తెలుసుకోవడానికి. నేను నవ్వు మొహం పెట్టేదాన్ని.

ఇంటి నుంచి వీడియో కాల్ వస్తే దుప్పటి కాళ్ళ మీదికి లాక్కునేది. "మెట్ల మీద జారానమ్మా, బెణికింది, అంతే" అని చెప్పేది. వాళ్ళమ్మగారు ఫోన్ నాకు ఇమ్మనేవారు.

"మా అమ్మాయిని నువ్వే చూసుకుంటున్నావంట కదమ్మా. నీ మేలు మర్చిపోలేం. రోజూ నీ కోసం కూడా ప్రార్థన చేస్తున్నాం" అనేవారు.

ఆవిడ అలా అన్న రోజున నాకు అన్నం దిగేది కాదు. ఈ రోజు చెప్పేస్తాను అనుకునేదాన్ని. క్లాసు నుంచి రాగానే చెప్తాను. తిన్నాక చెప్తాను. ముందు కాలు తగ్గనీ. ముందు పరీక్షలు అయిపోనీ. కోపం వస్తే ఎవరినైనా మొహం మీద కడిగేసే నాకు, ఒక్క మాట బయటికి రాలేదు. నేనింత పిరికిదాన్నని ఆ చలికాలంలోనే తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే రబ్బరు ట్రేను తెచ్చి దేవుడి అర కింద, జాలీ పక్కన పెట్టాను. ఆమె చూసింది. మార్చి వచ్చింది, చలి పోలేదు. ఏప్రిల్ వచ్చింది, గడ్డకట్టిన చెరువు మీద ఇంకా ట్రక్కులు నడుస్తూనే ఉన్నాయి. మా ఇంట్లో మామిడికాయలు వచ్చాయని అమ్మ ఫోటో పంపిన రోజున మాకు మోకాలి లోతు మంచు పడింది. ఆ ఫోటో చూసి ఎందుకో కోపం వచ్చింది.

మే నెలలో రెండు వేళ్ళూ తీసేశారు.

ఆ తర్వాత చదువులు అయిపోయాయి. అందరిలాగే మేమూ దక్షిణానికి, టొరంటో చుట్టుపక్కలకు దిగాం. ఆమెకు గ్వెల్ఫ్‌లో ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. నేను ఏజాక్స్‌లో స్థిరపడ్డాను. ఫోన్లు చేసుకునేవాళ్ళం, పుట్టినరోజులకు, పీఆర్ వచ్చినప్పుడు. కలవడం మాత్రం నేనే ఏదో ఒక వంకతో దాటవేసేదాన్ని. ఆమె నడక చూడగలనో లేదో నాకు తెలియదు.

పోయిన చలికాలం ఒక ఆదివారం తనే వచ్చేసింది. పనిమీద ఇటు వచ్చాను, నీ చేతి పప్పుచారు తిని పోతాను అంది. తలుపు తీశాను. కొంచెం లావైంది, బాగుంది. నడకలో తేడా తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. బయట మంచు పడుతోంది. గుమ్మం దాటి లోపలికి వచ్చి, వంగి బూట్లు విప్పి, వాటిని కింద పెట్టకుండా చేతుల్లో పట్టుకుని నిలబడింది.

"ఎక్కడ పెట్టనక్కా?" అంది.

మామూలుగా అడిగింది. ఏ ఇంటికి వెళ్ళినా అలాగే అడుగుతుందేమో. నేను మాత్రం ఇక ఆగలేకపోయాను. అక్కడే, గుమ్మం దగ్గరే, ఆమె చేతుల్లో బూట్లు ఉండగానే చెప్పేశాను.

"ఆ రోజు నీ బూట్లు బయట పెట్టింది నేనే. నువ్వు లోపల పెట్టుకుని పడుకున్నవ్. నేల ఖరాబైందని నేనే తీస్కపోయి పెట్టిన."

"తెలుసక్కా" అంది.

ఎప్పటి నుంచి అని అడగబోయాను. ఆమే చెప్పింది.

"పడుకునేటప్పుడు జాలీ దగ్గరున్నాయి, లేచేసరికి వరండాలో ఉన్నాయి. ఇంట్లో ఉన్నది మనిద్దరమే కదా. తొడుక్కునేటప్పుడే తెలుసు."

"మరి ఆ నర్సుకు ఎందుకట్ల చెప్పినవ్? నన్ను ఒక్కనాడన్న ఎందుకడగలే?"

"అడిగితే నువ్వు నా మొహం చూడలేక ఇల్లు మారిపోదువు. నాకు అన్నం ఎవరు పెడతారు, కట్టు ఎవరు మార్పిస్తారు? నడవలేని దాన్ని. ఆ ఊళ్ళో, ఆ చలిలో, నాకున్నది నువ్వొక్కదానివే. నీ మీద కోపం తెచ్చుకునే స్తోమత నాకు అప్పుడు లేదక్కా."

"ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడుంది" అంది, నా కళ్ళలోకి చూస్తూ.

నేను చేయి చాపి బూట్లు అందుకున్నాను. మా ఇంట్లో దేవుడి అర కిందనే ట్రే ఉంటుంది, వేడిగాలి జాలీ పక్కన. అందులో పెట్టాను. పప్పుచారు తిన్నది, రెండోసారి వేయించుకుని మరీ తిన్నది. ఉద్యోగం గురించి, వాళ్ళ నాన్నగారి బీపీ గురించి చెప్పింది. వెళ్ళేటప్పుడు కూర్చుని, ఎడమ కాలు ముందుగా బూటులో పెట్టి, ఒక్క క్షణం ఆగింది.

"వెచ్చగా ఉన్నాయి" అంది. లేసులు కట్టుకుని వెళ్ళిపోయింది.